పెట్టెకి పెట్టిన బొట్టు

మా ఆయన జనార్ధనరావు గారు దేన్నీ నమ్మరు. వంటింట్లోకి కొత్త కాటా కొంటే ముందు దాని మీద లీటరు నీళ్లు పెట్టి చూశారు. మూడు గ్రాములు ఎక్కువ చెబుతోందని వెనకాల చీటీ అంటించారు. ఓవెన్ రెండొందల డిగ్రీలంటే నిజానికి నూట ఎనభై ఎనిమిదే అని దాని మీద ఇంకో చీటీ. పెళ్లిచూపుల్లో మా నాన్నగారు నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలని చెప్పినప్పుడు ఈయన తలాడించిన తీరు నాకిప్పటికీ గుర్తే. నమ్మలేదు. నాన్నగారు ఒక అంగుళం కలిపిన మాట కూడా నిజమేలెండి.

ఇలాంటి మనిషి జీవితంలో ఒక్క వస్తువుని మాత్రం కళ్లు మూసుకుని నమ్మారు. అది ఆయన స్వయంగా చేసిన పెట్టె. దాని వల్ల మా అమ్మాయి కొండకి కొట్టుకోవాల్సింది.

కాకినాడలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో విమానాల మీటర్లు బాగుచేసే వర్క్‌షాపులో పదకొండేళ్లు పనిచేశారు. 2005లో ఆక్లాండ్ వచ్చాం. వచ్చిన కొత్తలో ఎక్కడికెళ్లినా "ఇక్కడి అనుభవం ఉందా" అని అడగడమే. పదకొండేళ్లు విమానాల మధ్య బతికిన మనిషి ఏడాది పాటు పాపటోయిటోయిలో ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు పేర్చారు. అక్కడ కూడా ఊరుకున్నారా? తూకం మిషను తప్పు చెబుతోందని సూపర్‌వైజర్‌తో గొడవ పెట్టుకున్నారు. చివరికి ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక చిన్న వర్క్‌షాపు యజమాని గ్రేమ్, చెత్తబుట్టలోంచి పాడైన మీటరు తీసి చేతికిచ్చి, "దీని సంగతి చెప్పు" అన్నాడట. ఈయన నలభై నిమిషాల్లో చెప్పారు. మర్నాటి నుంచి ఉద్యోగం.

ఆయన పనేమిటో నాకు అర్థం కావడానికి పదేళ్లు పట్టింది, మీకు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. విమానం ఎంత ఎత్తులో ఉందో పైలట్‌కి చెప్పేది గాలి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ఆ పలచదనాన్ని పసిగట్టి అడుగుల్లో చెప్పే సెన్సర్ ఒకటి విమానంలో ఉంటుంది. మనుషుల్లాగే అదీ ముసలిదవుతుంది, లెక్క తప్పుతుంది. అందుకని రెండేళ్లకోసారి సరిచూసి దిద్దాలి. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. ఇదివరకు సెన్సర్ ఊడదీసి వర్క్‌షాపుకి పంపేవాళ్లు. విమానం వారం పాటు కదలకుండా కూర్చునేది.

మా ఆయన పెట్టె విమానం దగ్గరికే వెళ్తుంది. రెండు గొట్టాలు తగిలించి, లోపలి గాలి కొద్దికొద్దిగా లాగేస్తుంది. విమానం షెడ్డులోనే నిలబడి, తాను పైకి ఎగిరిపోతున్నాననుకుంటుంది. అది చెప్పే ఎత్తునీ తన ఎత్తునీ పోల్చుకుని, తేడా ఉంటే తనే దిద్దుబాటు పట్టిక రాసి సెన్సర్‌లో ఎక్కించేస్తుంది. అంతా గంట పని. పెట్టె తప్పు చెబితే ఎలా అంటారేమో, దానికీ ఉపాయం చేశారు. లోపల రెండు సెన్సర్లు పెట్టారు, ఒకదానికొకటి సాక్షి. రెండూ ఒకే మాట చెబితేనే పచ్చ దీపం వెలుగుతుంది. 2013లో అది పూర్తయినప్పుడు వర్క్‌షాపులో అందరూ దాన్ని రావ్ బాక్స్ అన్నారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ ఈయన సిగ్గుపడ్డారు. పెళ్లయ్యాక ఆయన సిగ్గుపడగా చూడడం నాకదే మొదలు.

ఇక నా సంగతి. ప్రతి దసరాకి ఆయుధపూజ చేసుకుంటాం. మౌంట్ రాస్కిల్‌లో అద్దె ఇంట్లో ఉన్నప్పుడూ చేశాం, సొంతిల్లు కొన్నాకా చేశాం. కారు తాళాలు, నా కుట్టుమిషను, అమ్మాయి లాప్‌టాప్, వర్క్‌షాపు నుంచి ఏదో ఒక పనిముట్టు. 2016 దసరాకి ఆయన పెట్టెనే తెచ్చారు. గ్రేమ్ నవ్వి, తీసుకెళ్లమని సంతకం పెట్టాడట.

పీట మీద ముగ్గేసి, పెట్టెని కూర్చోబెట్టి, నాలుగు మూలలా గంధం, కుంకుమ పెట్టాను. పైమూత మధ్యలో ఒక చిన్న గుంట కనిపించింది. బియ్యపు నూక పట్టేంత ఉంటుంది, చుట్టూ గుండ్రటి గీత. అచ్చం బొట్టు కోసమే చేసినట్టుంది. అక్కడ ఇంకాస్త గంధం దండిగా పెట్టి, మీద కుంకుమ అద్దాను. ఆయన వచ్చి కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున తడిగుడ్డతో పెట్టె తుడిచి పట్టుకెళ్లారు. తుడిచింది ఆయనే. ఈ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తుచేస్తుంటాను.

ఆ గుంట పెట్టె ఊపిరి పీల్చుకునే రంధ్రం. సాక్షులు రెండూ బయటి గాలిని దాంట్లోంచే తెలుసుకుంటాయి. నాకు తెలియదు. ఆయనకి తెలుసు, కానీ చూసుకోలేదు. పైపైన గంధం పోయింది, లోపలికి దిగింది మాత్రం గట్టిపడి అక్కడే కూర్చుంది.

ఆ క్షణాన నా కుడికన్ను అదిరిందని, దీపం ఆరిపోయిందని అబద్ధం చెప్పను. ఏమీ అవలేదు. పులిహోర కూడా బాగా కుదిరింది.

నవంబరులో ఆ పెట్టె ఒక ఫ్లయింగ్ స్కూలుకి వెళ్లింది. మే నెలాఖరుకి వాళ్ల పదకొండు విమానాల్నీ సరిచూసేసింది. పదకొండింటికీ పచ్చ దీపమే వెలిగింది. మా అమ్మాయి కిరణ్మయి పైలట్ అవుతానని చేరింది ఆ స్కూల్లోనే. పందొమ్మిదేళ్ల పిల్ల, ఏడేళ్లప్పుడు ఈ దేశం వచ్చింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది, మాట మాత్రం సగం ఇంగ్లీషులో దొర్లుతుంది. విమానం ఎక్కే రోజు పొద్దున్నే వచ్చి నా ముందు తల వంచుతుంది. నేను కుంకుమ పెట్టాలి, అప్పుడే కదులుతుంది. ఇది ఎవరో చెప్పిన అలవాటు కాదు, మొదటి రోజు భయంతో నేను పెట్టాను, అలా ఉండిపోయింది.

జూన్ మొదటి వారంలో ఓ సాయంత్రం అన్నం తింటూ తనే అంది.

"నాన్నా, ఫన్నీ థింగ్. పైకి వెళ్లాక జీపీఎస్ ఒక హైట్ చూపిస్తోంది, మీటరు ఇంకోటి చూపిస్తోంది. మీటరే ఎక్కువ."

ఆయన రసం కలుపుకుంటున్న చెయ్యి ఆగింది. "ఎంత ఎక్కువ?"

"టూ ఫిఫ్టీ, అలా. అయిదు వేల అడుగుల దగ్గర. జీపీఎస్ ఎప్పుడూ అంతే, మీటర్నే నమ్మమన్నాడు ఇన్‌స్ట్రక్టర్."

"నేల మీద ఉన్నప్పుడు?"

"నేల మీద కరెక్టే. చిల్ నాన్నా."

"నేల మీద కరెక్టే," అని ఆయన తనలో తాను అనుకున్నారు. ఆ పూట మజ్జిగ పోసుకోకుండానే లేచారు.

మర్నాడు పెట్టె తీసి చూశారు. ఆన్ చేశారు, పది నిమిషాల్లో మూడు ఎత్తుల దగ్గర పరీక్ష పెట్టారు. అంతా సరిగ్గా ఉంది, పచ్చ దీపం. ఆ తర్వాత రోజూ అంతే, ఇంకో రెండు రోజులూ అంతే. గంటసేపు నడిపి చూసే అసలు పరీక్ష జూలైలో ఎలాగూ ఉంది, ఏటా అప్పుడు దాన్ని వెల్లింగ్టన్‌లో ల్యాబుకి పంపిస్తారు. "సాక్షులు రెండూ ఒకటే చెబుతున్నాయి రత్నం, పెట్టెలో ఏమీ లేదు," అన్నారు నాతో. "హమ్మయ్య," అన్నాను. నాకేం తెలుసు? వంటింటి కాటాని నమ్మని మనిషి ఆ మాటంటే నమ్మనా మరి?

రెండు వారాలు గడిచాయి. జూన్ ఇరవై ఒకటి, బుధవారం. పొద్దున్నుంచీ వాన. కిరణ్మయి తల వంచింది, బొట్టు పెట్టాను. "ఇవాళ మబ్బుల్లో ఫ్లై చేస్తున్నాం అమ్మా, కైమాయి కొండల మీదుగా టౌరంగాకి. బయటికి ఏమీ కనిపించదు, ఓన్లీ మీటర్లు చూసుకుంటూ వెళ్లాలి," అంది సంబరంగా. "ఇంత వానలో ఏం సరదాయే నీకు," అని కసిరాను. నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

నేను శాండ్రింగామ్‌లో కిరాణా కొట్లో పనిచేస్తాను. పన్నెండు దాటాక ఆయన ఫోన్. పనివేళల్లో ఆయన నాకు ఫోన్ చెయ్యడం పన్నెండేళ్లలో అది రెండోసారి. మొదటిసారి వాళ్ల నాన్నగారు పోయినప్పుడు.

"కిరణ్మయి ఎక్కడ?"

"ఎగరడానికి వెళ్లింది. ఏమండీ? ఏమైంది?"

"ఎటు?"

"కొండల మీదుగా టౌరంగా అంది. ఏమైందో చెప్పండి ముందు!"

ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఓనర్‌కి ఏం చెప్పానో గుర్తు లేదు, బియ్యం తూస్తున్న గరిట చేత్తోనే కారెక్కాను. వానలో వర్క్‌షాపుకి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. దారంతా అన్ని దేవుళ్లనీ పిలిచాను, మధ్యమధ్యలో ఆయన్ని తిట్టాను.

జరిగిందేమిటంటే, ఆ ఉదయం వేరే పనికని పెట్టె ఆన్ చేశారు. వాన వల్ల ఆ పని రద్దయింది. పెట్టెని ఆఫ్ చెయ్యడం మర్చిపోయారు. రెండున్నర గంటలు అది బల్ల మీద ఊరికే నడుస్తూ వేడెక్కింది. గొట్టాలేవీ తగిలించకపోతే అది సున్నా చూపించాలి. ఆయన టీ కప్పుతో అటు వెళ్తూ చూస్తే గాలి ఒత్తిడి ఎనిమిది మిల్లీబార్లు తక్కువ చూపిస్తోంది. సాక్షులు రెండూ ఎనిమిదే అంటున్నాయి. పచ్చ దీపం నిక్షేపంగా వెలుగుతోంది. ఆ ఎనిమిదిని అడుగుల్లోకి మారిస్తే రెండొందల అరవై. కిరణ్మయి అన్నం తింటూ చెప్పిన లెక్క.

నేను వెళ్లేసరికి గ్రేమ్ ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. మంచివాడే, కానీ మొహం ఎర్రబడింది.

"ఖచ్చితంగా తేల్చుకోకుండా పదకొండు విమానాల్ని ఎలా ఆపమన్నావ్ రావ్? కారణం ఏమిటో కూడా తెలీదంటున్నావ్. రేపటి నుంచి ఈ పెట్టెని ఎవరు ముట్టుకుంటారు?"

"ఎవరూ ముట్టుకోకూడదు," అన్నారు ఆయన. ఫోన్ చేసేశారప్పటికే. స్కూలుకి ఆయనే చెప్పారు, మీ విమానాలన్నీ ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తు చూపిస్తున్నాయి, తప్పు నా పెట్టెది అని.

"మరి కిరణ్మయి?" అన్నాను.

"కొండల మీద మబ్బులో ఉంది. వెయ్యి అడుగులు పైకి వెళ్లమని కబురు పంపారు."

"రాడార్‌లో కనిపించదా ఎంత ఎత్తులో ఉందో?"

ఆయన నా వైపు చూడలేదు. "రాడార్ వాళ్లకి విమానం చెప్పిన ఎత్తే కనిపిస్తుంది రత్నం. వాళ్లూ తప్పు లెక్కే చూస్తున్నారు."

"వెళ్తున్నాం అని జవాబొచ్చిందా?"

"సగం వచ్చింది. కొండ అడ్డమొస్తే అక్కడ రేడియో సరిగ్గా అందదు."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. రూలు ప్రకారం కొండకీ విమానానికీ మధ్య వెయ్యి అడుగులు వదలాలట. అడిగితే ఆయన వేళ్ల మీద లెక్క చెప్పారు. ఇంత గాలిలో కొండ దాటాక కిందికి తోస్తే మూడొందలో నాలుగొందలో పోతాయి. మబ్బులో కొత్త చెయ్యి తడబడితే ఇంకో రెండొందలు. పెట్టె ముందే రెండొందల అరవై తినేసింది. మిగిలింది ఎంతో నేను లెక్క వేసుకోలేదు. ఆయన కూడా పైకి అనలేదు.

ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని దాని వైపే చూస్తున్నాను. ఈయనేమో స్క్రూడ్రైవర్ తీసి పెట్టె మీదికి వంగారు. వంగే ముందు కాగితం తీసుకుని తారీకు రాశారు, టైమ్ రాశారు, మీటరు ఎంత చూపిస్తోందో రాశారు, ఫోటో తీశారు. దిద్దే ముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలన్నది ఆయన నియమం. నాకు ఒళ్లు మండిపోయింది.

"కన్నకూతురు మబ్బుల్లో చిక్కుకుంటే టైమ్ రాసుకుంటున్నారా! మీరసలు మనిషేనా?"

"రాయకపోతే నా చేతులు ఆగట్లేదు," అన్నారు. అప్పుడు చూశాను ఆయన చేతులు. అక్షరాలన్నీ వంకరగా పడుతున్నాయి.

భూతద్దం పెట్టుకుని పైమూత మధ్యలో చూశారు. చాలాసేపు చూశారు. సూది తీసుకుని ఆ గుంటలోంచి మెల్లగా ఏదో పెకిలించి తెల్లకాగితం మీద పెట్టారు. నూకంత ముక్క. పసుపు తెలుపు రంగు, ఒక పక్క ఎర్రగా ఉంది.

గ్రేమ్ వంగి చూసి, "ఏమిటిది, రంగా?" అన్నాడు.

నాకు చూడగానే తెలిసిపోయింది. ఆయనకీ తెలిసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"గంధం," అన్నాను చివరికి. "నేను పెట్టిందే."

"కుక్కర్ విజిల్ కింద పప్పు బద్ద అడ్డం పడ్డట్టు," అన్నారు ఆయన ఆ ముక్కతోనే మాట్లాడుతున్నట్టు. "చల్లగా ఉన్నంతసేపూ తెలీదు, అందుకే మొదట చూసే నేల లెక్క సరిపోయింది. వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది, బయటికి పోలేదు. సాక్షులు రెండింటికీ అదే రంధ్రం. నేను పది నిమిషాలు చూసి కట్టేశాను. నాలుగు రోజులూ పది నిమిషాలే చూశాను."

పొద్దున కిరణ్మయి నుదుటి మీద కుంకుమ పెట్టిన ఈ వేలే, పెట్టె నోరు మూసింది కూడా. ఆ వేలుని చీర కొంగులో చుట్టి గట్టిగా పట్టుకున్నాను. దాన్ని ఎక్కడైనా వదిలేసి వస్తే బాగుండుననిపించింది.

ఒంటిగంటా పదిహేడు నిమిషాలకి ఫోన్ మోగింది. గ్రేమ్ ఎత్తాడు. విన్నాడు. మా ఇద్దరి వైపు చూసి, బొటనవేలు పైకెత్తి, అలాగే గోడకి జారబడ్డాడు. టౌరంగాలో దిగింది. నేను గట్టిగా ఏడ్చాను. ఆయన కాగితం మీద టైమ్ రాసి, పెన్ను మూత పెట్టి, అప్పుడు బల్ల మీద తల పెట్టుకున్నారు.

సాయంత్రం ఇంటికొచ్చాక కిరణ్మయి చెప్పింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"గాలి కిందికి తోసింది అమ్మా. మీటర్ చూస్తే ఫైన్, చాలా హైట్ ఉంది, సో నేను తొందరపడలేదు. అప్పుడు రేడియోలో క్లైంబ్ అన్నారు. పైకి లేపాను. మబ్బులో ఒక హోల్ వచ్చింది. కిందకి చూశాను." అరచేత్తో ఎంత దగ్గరో చూపించింది. "ఆకులు కనిపించాయి. చెట్లు కాదు. ఆకులు."

దిగాక, పక్క సీట్లో ఉన్న ఇన్‌స్ట్రక్టర్ చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని చాలాసేపు వానలో నిలబడ్డాడట.

పదకొండు విమానాలూ ఆ మధ్యాహ్నమే ఆగిపోయాయి. విమానయాన అధికారులకి ఆయనే రిపోర్టు రాశారు. నాకు చదివి వినిపిస్తే మళ్లీ ఒళ్లు మండింది. పనిముట్లని గౌరవించే పండుగలో, నా అనుమతితో, నా భార్య గంధం పెట్టిందని రాశారు.

"నన్ను లాగారా ఇందులోకి? ఊరంతా తెలియాలా?"

"నీ పేరు రాయలేదు, భార్య అనే రాశాను. జరిగింది జరిగినట్టు రాయాలి కదా."

"తుడిచింది మీరేనని రాశారా?"

"తర్వాతి లైను చూడు."

చూశాను. తుడిచింది నేను, రంధ్రం చూడలేదు, కూతురు చెప్పాక కూడా పది నిమిషాలే చూశాను, దానికి మూత పెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు అని ఉంది. తప్పు ఎవరిదన్న గడిలో ఒక్క పేరే ఉంది. ఆయనది.

రావ్ బాక్స్ ఇంకెప్పుడూ బయటికి వెళ్లలేదు. ఏడాదిన్నర కష్టపడి ఇంకోటి చేశారు. సాక్షులు ఇందులోనూ రెండే, కానీ దేని రంధ్రం దానిది. రంధ్రాలకి జల్లెడ మూతలు. గంటసేపు వేడెక్కితే గానీ అది ఒక్క అంకె కూడా చెప్పదు. మొదటిదానికి ఆయన పేరు పెట్టారు, దీనికి నంబరే. ఇదే మంచి పెట్టె. ఆయన మాత్రం దీన్ని నమ్మరు, రోజూ సరిచూస్తారు.

అసలు సంగతి చెప్పలేదు. మూడు వారాలు కిరణ్మయి స్కూలుకి వెళ్లలేదు. మానేస్తుందనుకున్నాను, మానేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. జూలైలో ఓ పొద్దున బ్యాగ్ తగిలించుకుని వచ్చి నా ముందు తల వంచింది. నేను కదల్లేదు.

"నా చేత్తో వద్దే. నీకు తెలుసుగా ఏం చేశానో. ఆ చేత్తో నీకు పెట్టలేను."

కిరణ్మయి తల ఎత్తలేదు. కుంకుమ భరిణె తనే తీసి నా చేతిలో పెట్టి, నుదురు ఇంకాస్త ముందుకి వంచింది.

"పెట్టమ్మా. ఇక్కడ హోల్ ఏమీ లేదుగా."

పెట్టాను. బొట్టు వంకరగా పడింది. తుడవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది, అలాగే వెళ్లిపోయింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. వెనకాల వంటింట్లో ఆయన కాగితం మీద టైమ్ రాసుకుంటున్నారు. ఈసారి నేనేమీ అనలేదు. పక్కకెళ్లి ఆ కాగితం చూస్తూ కూర్చున్నాను, దిగానని తను ఫోన్ చేసేదాకా.